చల్లారిన పొయ్యి సాక్ష్యం

కనూనా కుంటేవాడు. ఆ కుంటికి కారణమైన తూటా ఇంకా అతని ఎడమ తుంటిలోనే ఉంది. తీయించుకోలేదేమని ఎవరైనా అడిగితే, "అది జనరల్ గారి సొమ్ము, నేను దాచి పెడుతున్నా" అనేవాడు. ఇరవై ఏళ్ల కిందట టల్లపూసా ఏటి మెలికలో క్రీకు జాతివాళ్లతో యుద్ధం జరిగింది. జాక్సన్ జనరల్ ఫిరంగులు ఎదుటి దుంగల గోడను బద్దలు కొట్టలేక చతికిలబడితే, వెనకనుంచి ఏరు ఈది, అవతలి ఒడ్డున కట్టేసి ఉన్న పడవలు లాక్కొచ్చింది చెరోకీలు. వాళ్లలో కనూనా ఒకడు. జనరల్ పేరు మోగడం అక్కడే మొదలైంది. మోగి మోగి చివరికి ఆయన్ని ప్రెసిడెంటు కుర్చీలో కూర్చోబెట్టింది.

"మేం ఈదకపోయుంటే ఆయన ఇప్పటికీ టెనెసీలో పత్తి తూచుకుంటూ ఉండేవాడు." కనూనాకి ఇది రోజూ చెప్పే మాట.

చెల్లెలు సోకినీకి అది విని విని చెవులు తూట్లు పడ్డాయి. "అయితే అన్నా, నువ్వు ఈదింది మనకోసం కాదన్నమాట, ఆయన కుర్చీకోసం" అనేది మొక్కజొన్న అంబలి కలుపుతూ. కనూనా పడీ పడీ నవ్వేవాడు. ఇంకా నవ్వగలిగిన రోజులవి.

ఇల్లు సోకినీది. చెరోకీల్లో ఇల్లూ చేనూ ఆడవాళ్లవే. మగవాడు పెళ్లాం ఇంట్లో ఉంటాడు, ఆమె పోతే అక్కచెల్లెళ్ల పంచకు చేరతాడు. కనూనా అలా చేరినవాడే. కానీ పిల్లలకు తండ్రి మాటకన్నా మేనమామ మాటే పైమాట గనక ఆ ఇంట్లో పెద్దరికం మాత్రం అతనిది. సోకినీ భర్త ఎప్పుడో పోయాడు. కూతురు ఐలీ మొగుడు మొన్నటి చలికాలం జ్వరంతో పోయాడు. మిగిలింది అన్నాచెల్లెళ్లు, ఐలీ, ఆమె చంటిది. దుంగల ఇల్లు, దాని వెనక పీచ్ చెట్లు, వాగు పక్కన చేను. ఆ చేను సోకినీ తల్లిది, అంతకుముందు ఆ తల్లి తల్లిది.

జనరల్ ప్రెసిడెంటయినప్పుడు పేద తెల్లవాళ్లు గంతులేశారు. పట్టుకోట్ల దొరలు పోయి మొదటిసారి తమలో ఒకడు గద్దెనెక్కాడని వాళ్ల సంతోషం. ఆ సంతోషంలో కల్తీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పేదవాడికి నేల కావాలి. నేల చెరోకీల దగ్గరుంది. ఆ పైన జరిగిందంతా దొంగతనమే, ఎంత పెద్ద ముద్ర వేసిన కాగితం మీద జరిగినా సరే. జార్జియా రాష్ట్రం చెరోకీల నేలను ముక్కలు కోసింది, ముక్కలకు నంబర్లు వేసింది, లాటరీ పెడతానంది. రాజధానిలో పెద్ద కోర్టు మాత్రం చెరోకీల నేలమీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పింది. ఆ కబురు అందిన రోజు ఊరూరా ఆటపాటలే. కనూనా కుంటికాలు ఈడ్చుకుంటూనే ఆడాడు.

"చూశావా? మన జనరల్ ఉండగా మనకేంటి?" అన్నాడు చెల్లెలితో.

మన జనరల్ ఆ తీర్పును చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ శరదృతువులోనే లాటరీ చక్రం తిరిగింది.

సోకినీ నేల లెమ్యుయెల్ టాబర్ అనే అతని పేరున వచ్చింది. రెండేళ్లకు, మంచు కరిగాక, చీటీ పట్టుకుని దిగాడు. కాళ్లకు చెప్పులు లేవు. సోకినీ అతన్ని కూర్చోబెట్టి ముందు గిన్నెడు అంబలి పెట్టింది. గడప తొక్కిన మనిషికి తిండి పెట్టకుండా మాట్లాడటం చెరోకీ ఇళ్లలో లేదు. టాబర్ రెండు గిన్నెలు తాగాడు.

"నాకు మీమీద కోపం ఏం లేదమ్మా. చక్రంలో నా పేరొచ్చింది, అంతే" అన్నాడు. కనూనా తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేశాడు.

"నువ్వు జనరల్ మనిషివా?" అడిగాడు కనూనా.

"ఆయన మాకు తండ్రిలాంటోడు. మా నాన్న ముప్పై ఏళ్లు ఇంకొకడి పొలంలో గొడ్డులా చచ్చాడు. ఈయన రాకపోతే నాకు చారెడు మట్టి కూడా దక్కేది కాదు."

కనూనా మొహం విప్పారింది. తన తుంటి చూపించాడు. "అయితే మనిద్దరం ఒక తండ్రి బిడ్డలమే!"

"తండ్రి ఒకడే సరే, పంపకంలో మాత్రం అంతా ఒక్కడికే ఇచ్చాడు" అంది సోకినీ, గిన్నె తీసేస్తూ.

వాగు కింద నీటిమర నడిపే ప్రూయెట్ తెల్లవాడే గానీ చెరోకీ భాష వచ్చినవాడు, నిజం మాట్లాడేవాడు. చట్టంలో ఒక్క సందుందని చెప్పింది అతనే. "మీరు కాపురం ఉన్నంతకాలం చీటీ తగిలినవాడు ఈ ఇంట్లో కాలు పెట్టకూడదు. మీ అంతట మీరు వదిలేసి పోయారా, ఇక అతనిదే. సోకినీ, నా మాట విను. ఒక్క పూట కూడా ఇల్లు ఖాళీగా ఉంచొద్దు."

ఆ సంగతి టాబర్‌కీ తెలుసు. వాగు అవతల బండి ఆపి, పెళ్లాం ఓర్ఫాను, నలుగురు పిల్లలను అక్కడే దించాడు. వసంతం పోయింది, ఎండాకాలం వచ్చింది. రోజూ పొద్దున్నే లేచి సోకినీ ఇంటి పొగగొట్టం వైపు చూసేవాడు. పొగ కనిపిస్తే మళ్లీ బండి కిందకు పోయి పడుకునేవాడు.

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు పచ్చకంకుల పండుగ వచ్చింది. పండుగ కాకుండా కొత్త కంకి నోట పెట్టకూడదు. పండుగకు ముందు పొయ్యిలో పాత నిప్పు ఆర్పాలి, బూడిద ఎత్తిపోయాలి, పాత చాపలూ పగుళ్లిచ్చిన కుండలూ పారేయాలి, ఇల్లంతా ఊడవాలి. ఇంటిల్లిపాదీ పండుగ స్థలానికి వెళ్లి నాలుగు రోజులుండి, అక్కడ పుట్టించిన కొత్త నిప్పు తెచ్చుకోవాలి. జార్జియాలో చెరోకీలు గుమికూడితే జైలే. అందుకని ఆ ఏడు పండుగ సరిహద్దు దాటి, టెనెసీ వైపు పెట్టారు. కాలినడకన రోజున్నర దారి.

"మామా, నేనుండిపోతా" అంది ఐలీ. "చంటిదాన్నేసుకుని అంత దూరం ఎందుకు? ఇంట్లో ఒకరుంటే మంచిది కదా."

"పాత నిప్పు దగ్గర ఎవరూ మిగలకూడదు."

"ప్రూయెట్ ఏమన్నాడో మరిచిపోయావా అన్నా?" అంది సోకినీ.

"ప్రూయెట్‌కేం తెలుసు మన సంగతి? పోయినేడు జైలుకు భయపడి పండక్కి వెళ్లలేదు. పాత నిప్పుమీదే వండుకు తిన్నాం. ఏమైంది? దీని మొగుడు పోయాడు. ఈసారి ఎవర్ని పంపిద్దాం, చంటిదాన్నా?"

ఐలీ బిడ్డను గుండెకు హత్తుకుంది. 

"టాబర్ ఊరుకుంటాడా?" సోకినీ గొంతు తగ్గించి అడిగింది.

"మనింట్లో తిన్నాడే! జనరల్ దగ్గర పనిచేసినవాళ్లమే, మాకు మాకు ఓ నీతుంటుంది."

టాబర్ ఎన్నడూ జనరల్ దగ్గర పనిచేయలేదు, ఆ మాట అతను అననూ లేదు. కనూనాయే అనేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ జనరల్ విషయంలో అతను చేస్తున్నది అదే, తనకు కావలసిందంతా తానే అనేసుకోవడం. సోకినీకి మనసొప్పలేదు. కానీ పుట్టినప్పటినుంచీ అన్న మాట దాటి ఎరగదు. "పెద్దోడివి నువ్వు. నీ ఇష్టం" అంది. పొయ్యిమీద నీళ్లు పోసింది.

తిరిగొచ్చేసరికి వారం. కొత్త నిప్పు మట్టికుండలో పెట్టి సోకినీయే మోసుకొచ్చింది. మనసు తేలికపడి ఉంది ఆమెకు, దారంతా ఐలీని ఆటపట్టిస్తూనే ఉంది. వాగు మలుపు తిరగ్గానే ఐలీ ఆగిపోయింది.

"అమ్మా, మన పొగగొట్టంలోంచి పొగ వస్తోందే."

మెట్లమీద టాబర్ పిల్లలు నలుగురూ కూర్చుని కంకులు కొరుకుతున్నారు. లేతకంకులు, పాలు గడ్డాలమీదుగా కారుతున్నాయి. ఓర్ఫా గుమ్మంలోకి వచ్చి వీళ్లను చూసి తల దించుకుంది. టాబర్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతిలో తుపాకీ లేదు, కాగితం ఉంది.

"ఇల్లు వదిలేసి పోయారు మీరు. చాప లేదు, కుండ లేదు, పొయ్యిలో బూడిద కూడా లేదు. ఒకటికి రెండు రోజులు చూశాను. ప్రూయెట్‌ను పిలుచుకొచ్చి చూపించాకే లోపలికి దిగాను."

"ఒరే, అది పండగరా!" అని అరిచాడు కనూనా. "పండక్కి ఇల్లు కడుక్కున్నాం రా!"

"ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?" అన్నాడు టాబర్. అబద్ధమాడినట్టు లేదు. తెలుసుకోవాలని కూడా లేదు.

సోకినీ నిప్పుకుండ చేతుల్లో అలాగే పట్టుకుని నిలబడింది. కుండ చుట్టిన ఆకులు మాడి, వేళ్లు బొబ్బలెక్కేదాకా దించలేదు.

ఇల్లు తిరిగిప్పించమని పెట్టుకున్న అర్జీ విచారణ రోజు న్యాయాధికారి గదిలో కనూనాను గోడవారగా నిలబెట్టారు. తెల్లవాడిమీద చెరోకీ సాక్ష్యం చెల్లదని చట్టం. ఎవరి ఇల్లు పోయిందో వాళ్లకు నోరు లేదు. మాట్లాడదగిన మనిషి ఆ గదిలో ప్రూయెట్ ఒక్కడే. పొద్దుటినుంచీ సోకినీ కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది.

"నువ్వు వెళ్లేటప్పటికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"పొయ్యిలో నిప్పు?"

ప్రూయెట్ టోపీని నలుపుతున్నాడు. "లేదు. చల్లగా ఉంది."

"సామాను?"

"చాపలూ కుండలూ బయట పారేసి ఉన్నాయి. కానీ అయ్యా, అది వాళ్ల..."

"అడిగినదానికి చెప్పు. పారేసి ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి."

కనూనా ఉండబట్టలేక ముందుకు కుంటుకుంటూ వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, తాను జనరల్ వెంట యుద్ధం చేశానని, ఏరు ఈదానని, తూటా ఇంకా ఇక్కడే ఉందని తుంటి చరుచుకుంటూ చెప్పాడు. గుమాస్తా నవ్వాడు. "అయితే ప్రెసిడెంటు గారికి ఉత్తరం రాయి తాతా. నీ ఇల్లు ఇప్పించినాయనే ఆయన, టాబర్‌కి." గదంతా గొల్లుమంది. టాబర్ మాత్రం నవ్వలేదు, నేల చూస్తున్నాడు.

కనూనాకి తల తీసేసినట్టయింది. గోడవారకు తిరిగి నడవడానికి చాలాసేపు పట్టింది. జనరల్ తనను మరిచిపోవడం కాదు, అసలు ఎన్నడూ చూడనేలేదని ఆ నాలుగడుగుల్లో అతనికి తెలిసొచ్చింది.

ఇల్లు టాబర్‌దేనని తీర్పొచ్చాక ప్రూయెట్ తన మర పక్కన కొట్టం ఖాళీ చేసిచ్చాడు. సోకినీ కళ్లలోకి మళ్లీ ఎన్నడూ సూటిగా చూడలేకపోయాడు పాపం. ఆమెకు అతనిమీద కోపం లేదు, అతను చూసిందే చెప్పాడు. కొట్టంలో చేరిన మూడోనాడు అన్నను కూర్చోబెట్టి, అరవకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అమ్మ ఇచ్చిన ఇల్లు నేను పోగొట్టాను. నీ మాట విని పోగొట్టాను. ఇక నిన్ను ఏదీ అడగను. తిండి పెడతా, నువ్వు నా అన్నవి. పెద్దోడివి మాత్రం కావు."

కనూనా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు.

చలికాలం గడిచింది. పడమటికి, మిసిసిపీ అవతలకి పోదలచినవాళ్ల పేర్లు రాసుకుంటూ అధికారులు తిరుగుతున్నారు. వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఒక ఉదయం కనూనా భయపడుతూ ఆ మాట ఎత్తాడు.

"వెళ్దామా చెల్లీ? ఇక్కడ మనకేముంది?"

"నువ్వెళ్లు. ఐలీ వస్తానంటే తీసుకెళ్లు. ఇక్కడినుంచి నా చేను కనిపిస్తోంది."

అంతలోనే ఓర్ఫా మరకు వచ్చింది, భుజాన గింజల మూట. మూట దించి చాలాసేపు తటపటాయించింది. చివరికి కొట్టం దగ్గరకొచ్చి, సోకినీకి అర్థమయ్యేలా చేతులతోనూ సగం సగం మాటలతోనూ చెప్పింది. చేను కింది మడిలో నీళ్లు నిలిచిపోతున్నాయట. పెట్టిన విత్తనమంతా కుళ్లిపోతోందట. టాబర్‌కు ఏం చేయాలో తోచడంలేదట.

సోకినీ లేచి నిలబడింది. పుల్లతో నేలమీద గీసి చూపించింది. "వాగు మూలన పాత కాలువుంది. పూడిపోయుంటది, తవ్వించు. ఆ మడిలో మొక్కజొన్న పెట్టకు, బతకదు. గుమ్మడి పెట్టు. ఈ వానలు పడకముందే."

ఓర్ఫా తల ఊపుతూ, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా కనూనా పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పావే దానికి? కుళ్లిపోనీ! పంట పోతే వాళ్లే బండి కట్టుకుని పోతారు కదా!"

సోకినీ పుల్ల పారేసింది.

"అంతదాకా చేనెందుకు పాడవ్వాలన్నా? అదేం పాపం చేసింది?"