పండ్ల మార్కెట్ దగ్గర దిగిన పెద్దమ్మ

మా ఇల్లు కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్‌బీ నగర్‌కీ నడుమ. ఎవరు దారి అడిగినా "పండ్ల మార్కెట్ దగ్గర దిగండి" అంటాం. ఆ మార్కెట్‌ని ఇక్కణ్ణుంచి ఎత్తేసి ఏళ్ళైంది. అయినా ఆటోవాళ్ళదీ అదే మాట, పాలవాళ్ళదీ అదే మాట. పెద్దమ్మకి ఫోన్లో నేనూ అదే చెప్పాను.

పెద్దమ్మది నూజివీడు పక్కన పల్లె. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి ఆకారం తప్ప మొహం ఆనదు. ఆపరేషన్ మాటెత్తితే చాలు, "ఈ వయసులో కొత్తగా చూడాల్సిందేముందే?" అనేది. బతిమాలాను, అలిగాను, తిండి మానేస్తానని బెదిరించాను. చివరికి సరేనంది. ఇక్కడికొచ్చిన మర్నాడే ఆపరేషన్. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టర్ గట్టిగానే చెప్పాడు.

తమ్ముడు విజయవాడలో బస్సెక్కించాడు. నేను వేళకి రోడ్డు మీద నిలబడ్డాను. బస్సొచ్చింది, పెద్దమ్మ దిగలేదు.

"పండ్ల మార్కెట్ కాడ దింపమన్నది, దింపిన గదమ్మా," అన్నాడు కండక్టర్. "హయత్‌నగర్ అవతల, బాటసింగారంల. మార్కెట్ గాడికే పోయింది, నీకెరుక లేదా?"

ఎరుక లేకేం! నాకుంది, నా నోటికే లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. ఎర్ర బటన్ ఏదో పచ్చ బటన్ ఏదో ఆవిడకి కనపడి చస్తేగా!

ఆటో ఎక్కాను. ఎల్‌బీ నగర్‌లో మెట్రో స్తంభాలు ఆగిపోయాయి గానీ ఊరు ఆగలేదు. హయత్‌నగర్ దాటినా ఇళ్ళే, షాపులే. ఇక అయిపోయింది అనుకున్న ప్రతిచోటా మళ్ళీ మొదలవుతోంది. ఎన్నాళ్ళుగానో ఇక్కడే ఉంటున్నాను, ఇంత పొడుగని ఏనాడైనా అనుకున్నానా? గోల్కొండ నుంచి బందరు రేవుకి బళ్ళు తోలుకుపోయిన దారి ఇదేనట. అమ్మో అనిపించింది. పెద్దమ్మ విసుగొచ్చి వెనక్కి పోయే బస్సెక్కేసిందేమోనని భయం కూడా పీకుతూనే ఉంది.

మార్కెట్లో అడుగుపెట్టి నోరు తెరిచేశాను. ఎటు చూసినా లారీలు, పండ్ల కుప్పలు, కేకలు. ఒక షెడ్డు కింద, ప్లాస్టిక్ ట్రే బోర్లించుకుని మహారాణిలా కూర్చుని ఉంది మా పెద్దమ్మ. చేతిలో మామిడి ముక్క, చుట్టూ హమాలీలు.

"వచ్చావా! ఏమే, ఇక్కడ ఎన్ని ఊళ్ళున్నాయే!" అంది నా గొంతు వినగానే. "కమలాలు నాగపూర్‌వట. ద్రాక్ష షోలాపూర్‌దట. బత్తాయిలు నల్లగొండవి. మన నూజివీడు మామిడిని మాత్రం వాసన పట్టి నేనే చెప్పా!"

"అమ్మ మస్తు హుషారున్నది అక్కా," అన్నాడు ఒక హమాలీ. "ఒచ్చిన లారీనల్లా ఏ ఊరని అడుగుతున్నది."

"భయంతో చచ్చాను పెద్దమ్మా!" అని అరిచాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆవిడ పట్టించుకోలేదు. సరుకు దింపుతున్న వైపు తిరిగి కళ్ళు చికిలించింది. ఆ కళ్ళకి అక్కడ పసుప్పచ్చటి మసక తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు.

"ఆ కుప్ప ఎంతుంటుందే?"

"మన ఇంటి చూరంత."

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆపరేషన్ రేపటిదాకా ఎందుకే? ఇవాళ చెయ్యరా?"