తప్పు మీ లైన్‌లో లేదు

కావేరికి ఒక్కచోట కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. అలాంటి మనిషికి ఢిల్లీలో, సాకేత్ అనే పేటలో ఒక ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఉద్యోగం దొరికింది. కరీంనగర్ నుంచి వచ్చి, బేర్ సరాయ్‌లో అద్దెగదిలో ఉండేది. రోజంతా చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, టేబుల్ కింద కాలు ఊపుతూ, నెట్ నెమ్మదిగా ఉందని గోలపెట్టేవాళ్లకు జవాబు చెప్పేది. ఇంటి ఫోన్ తీగకే మోడెం తగిలించి, అది కీచుమంటూ కంపెనీ నంబరుకు డయల్ చేస్తే గానీ నెట్ రాని రోజులవి.

ఏం చెప్పాలో కంపెనీవాళ్లే నేర్పారు. మోడెం ఆపి మళ్లీ వేయమనాలి. పక్కగదిలో ఇంకో ఫోన్ ఉంటే తీసేయమనాలి. అప్పటికీ కుదరకపోతే, మీ ఇంటి వైరింగ్ పాడైంది, మార్పించుకోండి అనాలి.

సీతారత్నం అనే కస్టమర్ అవన్నీ చేసింది. ఆవిడది గుంటూరు, కాపురం ఢిల్లీలోనే. అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు నెట్‌లో దించుకుని, విని, టైపు చేసి పంపడం ఆవిడ పని. ఫైలు సగంలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచీ దించుకోవాలి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు హిందీలో మొదలుపెట్టి, విసుగులో "అయ్యో రామా" అనేసరికి ఇద్దరూ తెలుగులోకి దిగారు. ఆ నమ్మకంతోనే కావేరి చెప్పినట్టల్లా చేసింది.

ఒక సాయంత్రం మళ్లీ ఫోన్.

"గోడ పగలగొట్టించి కొత్త వైరు వేయించానమ్మా. మా ఆయన నాతో మాట్లాడ్డమే లేదు. ఇప్పుడూ అంతే! ఇంకేం చేయమంటావు?"

కంప్యూటర్‌లో ఉన్న ఆవిడ చిరునామా కావేరి చీటీ మీద రాసుకుంది. సెలవురోజు గదిలో అటూ ఇటూ తిరిగి, ఆగలేక, ఆటో ఎక్కి సీతారత్నం ఇంటికి వెళ్లింది.

కొత్త సిమెంటు గీత గోడ పొడవునా కనిపించింది. రిసీవర్ ఎత్తి వింది. గరగర లేదు. మధ్యాహ్నమంతా ఫైళ్లు బాగానే దిగాయి. దీపాలు వెలిగే వేళకు డయల్ చేస్తే ఎంగేజ్ శబ్దం. ఎలాగో కలిస్తే ఫైలు పాకుతూ పాకుతూ సగంలో ఆగింది. కావేరి లేచి నిలబడింది.

"తప్పు మీ లైన్‌ల లేదు ఆంటీ. సాయంత్రం అందరూ ఒక్కసారే డయల్ జేస్తరు. కంపెనీ కాడ అంత మందికి సరిపోయే లైన్లు లేవు. నాకు శాన దినాల నుంచి అనుమానమే."

"అనుమానం ఉండి కూడా నా గోడ పగలగొట్టించావా?"

"అట్లనే చెప్పాలన్నరు."

"ఇంకెంతమందికి చెప్పావమ్మా ఇలా?"

కావేరి చెప్పులు వేసుకుంది. వెళ్తూ, "పెద్ద ఫైళ్లు పొద్దుగాల దించుకోండి" అని మాత్రం అంది.

మర్నాటి నుంచి ఫోన్ చేసినవాళ్లందరికీ, "సాయంత్రం మా దగ్గరే రద్దీ ఎక్కువ, మీ వైరింగ్ ముట్టుకోకండి" అని చెప్పసాగింది. సూపర్‌వైజర్ మనోహర్ ఢిల్లీలోనే పెరిగిన తెలుగువాడు. ఆమెను పక్కకు పిలిచాడు.

"అరే యార్, ఇలా చెప్తే కస్టమర్స్ అందరూ వెళ్లిపోతారు. చెప్పమన్నది చెప్పు, బస్, అంతే."

"లైన్లు పెంచుతరా సార్?"

"అది నా చేతిలో లేదు."

"అయితే నేను అబద్ధం చెప్ప."

ఆమెను ఫోన్ల మీద నుంచి తీసేసి, కొత్త కనెక్షన్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే మూల కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరితోనూ మాట లేదు. వారం తిరగకుండానే మానేసింది.

తర్వాత జియా సరాయ్‌లో ఒక కంప్యూటర్ దుకాణంలో చేరింది. ఇళ్లకు వెళ్లి కనెక్షన్లు సరిచేసే పని. ఎండలో బస్సులు మారుతూ తిరిగేది. సీతారత్నం వేరే కంపెనీ కనెక్షన్ తీసుకుంది. దాన్ని అమర్చడానికి కావేరినే పిలిచింది గానీ, గోడ సంగతి మాత్రం క్షమించలేదు. పని అయ్యేదాకా పక్కనే నిలబడి, "సరిగ్గా చూడు, ఈసారి నిజం చెప్పు" అంటూనే ఉంది.

కావేరి చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూసి, సాయంత్రం దాకా ఆగి, ఫైలు మొత్తం దిగాకే ఆ ఇంటి మెట్లు దిగింది.