కాకతువ్వకు జోడీ

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒకనాడు కాజీపేటలో రైలెక్కి నా పక్కన కూర్చున్న హనుమకొండ అవ్వ ఒళ్లో పంజరం ఉంది. అందులో పసుపు తురాయి ఉన్న తెల్ల కాకతువ్వ, దాన్ని ఆనుకుని ఒక పచ్చ చిలుక.

“లడాయికి పోయిన నా కొడుకు సింగపూర్‌ల కొన్నడు బిడ్డా. ఒంటిగున్నదని ఈ చిలుకను జోడీ జేసిన. రెండేండ్లాయె, గుడ్డే పెడ్తలేదు,” అంది.

బిడియం విడిచి, పుస్తకంలో చదివింది చెప్పాను. కాకతువ్వలు సముద్రాల అవతలి అడవుల్లో సొంత జాతితోనే జతకడతాయి, చెట్టు తొర్రలో గుడ్లు పెడతాయి, ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి.

“మొగది గూడ పొదుగుతదా? మా ముసలోనికి జెప్పాలె,” అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగింది. “గట్లయితే దీన్ని ఉత్తగనే బందిల పెట్టిన,” అంటూ స్టేషన్ ఘన్‌పూర్‌లో పచ్చ చిలుకను కిటికీలోంచి వదిలేసింది.

రైలు కదిలింది. కాకతువ్వ తురాయి విప్పి, అది ఎగిరిన వైపే చూస్తూ అరుస్తూనే ఉంది. అవి జోడీ కావని చెప్పాను గాని, ఒకదానికొకటి తోడు కావని నేను చెప్పలేదు.