టార్పెడో చూస్తూ మాడ్చిన పప్పు

రియాద్‌లోని మా గదిలో ఆ శుక్రవారం వంట వంతు మా రూమ్మేట్‌ది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే వాడు ఫోన్లో ప్రపంచయుద్ధం నాటి టార్పెడో దాడుల వీడియో చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ముందు స్టవ్ బంద్ చెయ్ రా!"

"అన్నా, టార్పెడో నీళ్ల కిందికెల్లొచ్చి ఓడ కడుపుల కొడ్తది. పైనున్న ఆఫీసర్లు పడవలెక్కిన్రు. కింద బాయిలర్లల్ల బొగ్గేసెటోళ్లకు మెట్లెక్కే టైం గూడ దొరకలే. ఇంగ్లీషోళ్ల ఓడలల్ల ఆ పని చేసినోళ్లు శానమంది మన దేశపోళ్లేనంట."

"సోది ఆపు!" అని అరిచి, ఆ మాడిన పప్పే తిన్నాను.

మర్నాడు నేను పనిచేసే టవర్ బేస్‌మెంట్‌లో, పంపు గదిలోకి దిగాక, పదేళ్లలో మొదటిసారి అత్యవసర మెట్ల కోసం వెతికాను. తలుపు దొరికింది. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి పై అంతస్తులో మేనేజర్ దగ్గర ఉంటుందట.