వెండి చుక్కలో వెంట్రుక

చీపురుపల్లిలో వెండి కొట్టు నడిపే మా నాన్నది, యూనివర్సిటీ ల్యాబ్‌లో మేం వెండిని పాడుచేస్తున్నామనే గోల. మేం చేసేదల్లా వెండిని కంటికి ఆనని నలుసులు చేసి పలుచటి పొరగా వేసి, అందులోంచి కరెంటు పక్కనున్న అతివాహకంలోకి ఎలా దాటుతుందో కొలవడం. అతివాహకమంటే, బాగా చల్లబరిస్తే కరెంటుకి అడ్డే చెప్పని పదార్థం. ఆ పొరకి సన్నటి తీగలు అతికించడమే పెద్ద చావు. ల్యాబ్‌లో నాతో పనిచేసే నా స్నేహితురాలు తన తల వెంట్రుక పీకి, దాన్ని వెండి పేస్టులో ముంచి తీగ కొస మీద చుక్క పెట్టేది.

"ఒసే, నీ సెయ్యి తూకానికే పనికొస్తాది, ఇలా తే" అని నవ్వేది.

కిందటి వానాకాలం డెంగీతో పోయింది. మిగిలింది ఒక్క శాంపిల్. దాని నాలుగు తీగల్లో మూడు నేను అతికించినవి, ఒకటి తనది. మైక్రోస్కోపులో చూస్తే ఆ చుక్కలో వెంట్రుక ముక్క ఇరుక్కుని ఉంది. చూస్తున్నంతసేపూ వెనకాల తన ఊపిరి తగిలేది. భయమేసేది. అయినా వెళ్ళి కూర్చునేదాన్ని.

నౌపడ అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊరికి పరామర్శకి వెళ్ళినప్పుడు, నోరు ఊరుకోక ఆ వెంట్రుక సంగతి చెప్పేశాను. చేపల గంప కడుగుతున్న వాళ్ళమ్మ ఆగిపోయింది.

"పోయినోళ్ళది అలగ ఒగ్గీకూడదమ్మా. తెచ్చియ్యి, గంగమ్మలో కలిపెస్తాను."

ఒక్కసారి చల్లబరిచి కొలుచుకుని ఇచ్చేస్తానన్నాను. ఆ కొలత కోసమే ఇద్దరం ఏళ్ళ తరబడి చచ్చాం మరి.

"సల్లబెడితే దానికి నొప్పెడతాదేటి?"

లేదన్నాను. నాకేం తెలుసు?

శాంపిల్‌ని ద్రవ నత్రజనిలోకి దించాను. రీడింగ్ మెల్లగా తగ్గి, ఒక్కసారిగా పడిపోయింది. సున్నా మాత్రం కాలేదు. వెండికీ అతివాహకానికీ మధ్య కొంచెం అడ్డు మిగిలింది. మాకు కావలసింది సరిగ్గా అదే. చెబుదామని పక్కకి తిరిగాను కూడా.

బయటికి తీసేసరికి నా మూడు చుక్కలూ పగిలిపోయాయి. తనది నిలబడింది. వెంట్రుక వెండిలోంచి ఊడిరాలేదు. శాంపిల్ మొత్తం పట్టుకెళ్ళి వాళ్ళమ్మ అరచేతిలో పెట్టాను. ఆవిడ చుక్క మీద వేలు పెట్టి చూసింది.

"సల్లగా నేదు" అంది, ఊపిరి పీల్చుకుని. నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

ఇప్పుడు నా వెంట్రుకే పీకి చుక్కలు పెడుతున్నాను. మైక్రోస్కోపు దగ్గర వెనకాల ఎవరి ఊపిరీ తగలడం లేదు. ఆ భయమే నయం.