ఆంటీ తీయనన్న స్కాన్

రెండు వారాల కిందట, నాటింగ్‌హామ్‌లో మా పక్కింటి ఆంటీ కన్నుమూశారు. యూనివర్సిటీ లైబ్రరీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. డిబేట్ వేదికల మీద ఎందరితోనో తలపడ్డాను. ఓడినందుకు నేటికీ సంతోషిస్తున్న వాదం మాత్రం ఒక్కటే. అది ఆమెతో, ఆసుపత్రి వరండాలో జరిగింది.

ఆమె అక్కడ గుండె స్కాన్లు తీసేవారు. రక్తనాళం ఎంత ఇరుకైందో చూస్తే చాలదనీ, దాని గుండా గుండె కండరానికి రక్తం ఎంత చేరుతోందో కొలవాలనీ మా వంటింట్లో కూర్చుని ఓపికగా చెప్పేవారు. రోగిని ఊపిరి బిగపట్టమన్నప్పుడల్లా అద్దం వెనుక తానూ బిగపట్టేవారట. "వాళ్లకెంత కష్టమో నాకు ఎర్కుండాలె గద!"

నిరుడు నాలుగడుగులు వేస్తే చాలు, నాన్నకు ఛాతీ పట్టేసేది. మా జీపీ డాక్టరు స్కాన్‌కు పంపారు. ఆ రోజు డ్యూటీ రోటాలో ఆంటీయే ఉన్నారు. నాళాలను విప్పార్చే మందు ఎక్కించి, అప్పటి రక్తప్రవాహాన్ని కొలిచే స్కాన్ అది. ముందురోజు నుంచి టీ, కాఫీలు ముట్టకూడదు. ముడితే మందు సరిగా పనిచేయదు.

"చాయ్ తాగినవా అన్నా?"

"లేదు చెల్లె," అంటూ నాన్న గోడవైపు చూశారు. ఆంటీ అక్కడినుంచి కదలకపోయేసరికి ఒప్పుకున్నారు: "ఒక్క గుక్క. నోరు తడుపుకున్న, గంతే."

"గుక్కైనా గ్లాసైనా చాయ్ చాయే. లే అన్నా, ఇంటికి పో. ఇయ్యాల తియ్య."

నేను విరుచుకుపడ్డాను. "నెక్స్ట్ అపాయింట్‌మెంట్ ఎప్పుడో ఏమో ఆంటీ! ఈలోపు నాన్నకేమన్నా అయితే ఎవరు రెస్పాన్సిబుల్?"

"అయిపోయిందా బిడ్డా? వాదంల నువ్వే గెలుస్తవ్. కానీ ఇయ్యాల తీస్తే రక్తం మంచిగనే పోతున్నట్టు కనవడొచ్చు. ఏం లేదని ఇంటికి పంపిస్తరు. తర్వాత?"

నేను నాన్న కోటు తీసి అందించాను. "స్కాన్ బొమ్మకు మొహమాటం ఉండొద్దు," అన్నారామె.

ఎవరో రద్దు చేసుకున్న సమయాన్ని వెతికి పట్టుకున్నదీ ఆమే. ఆ స్కాన్‌కు రెండు రోజుల ముందే వచ్చి మా టీ డబ్బా తన ఇంటికి పట్టుకుపోయారు. "గింత అన్యాయమా చెల్లె!" అని నాన్న వాకిలిదాకా వెంటబడ్డారు.

ఈసారి స్కాన్‌లో గుండె కండరం ఒకవైపు రక్తం చాలక నల్లగా కనిపించింది. స్టెంట్ వేశారు.

ప్రాణం నిలబెట్టింది యంత్రమేనని అనేవారితో నాకు పేచీ ఉంది. యంత్రం ఆ మొదటి రోజునే, అడిగినట్టే, బొమ్మ తీసి ఇచ్చేది. వద్దన్నది మనిషి. గెలవడానికే మాట్లాడే నాకు, నిజం తేలేదాకా ఆగడం కూడా ధైర్యమేనని ఆమె నేర్పారు.

మొన్న శుక్రవారం అంత్యక్రియలు. శ్మశానవాటిక దారి వాలుగా పైకి పోతుంది. శవపేటికకు ముందువైపు నాన్న భుజం పట్టారు. సగం ఎక్కాక పక్కన మోస్తున్న ఓ అంకుల్ ఆయాసపడుతూ, "కాసేపు మార్చుకుందామా అన్నా?" అన్నారు.

"నువ్వు మార్చుకో తమ్మీ. నేను మంచిగనే ఉన్న," అన్నారు నాన్న, సన్నని వానలో అడుగు తడబడకుండా పైకి నడుస్తూ.