పాదాలకు రాసిన నూనె

ఈ సంగతి ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. బరువే, కాదనను. కానీ రోజూ మోసే సంచికి భుజం అలవాటు పడ్డట్టు నేనూ అలవాటు పడిపోయాను. డ్యూటీలు చేశాను, పిల్లల్ని చదివించాను, బాగానే నిద్రపోయాను కూడా. ఇప్పుడు అదే నాకు వింతగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేయించిన రోజులవి. నెలలు నిండని పసివాళ్లకు గొంతులో ట్యూబు వేసి, మిషను మీద ఊపిరి అందించే గది మాకు కొత్తగా వచ్చింది. మా డాక్టరుగారు పాత అలవాట్లన్నీ మానిపించారు. అంతకుముందు పెద్ద పిల్లలకు రెండు గంటలకోసారి ట్యూబులో సెలైన్ చుక్కలు వేసి కఫం లాగేవాళ్లం. అవసరమైతేనే లాగండి, చుక్కలు వెయ్యకండి అన్నారు. పరిశోధనల్లో ఏం తేలిందో కాగితాలు చూపించి మరీ చెప్పేవారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటుంది. ట్యూబును పట్టి ఉంచే ప్లాస్టరు మార్చేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు పెదవి దగ్గర ట్యూబు కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు ప్లాస్టరు వెయ్యాలి. కొత్తగా చేరిన నర్సులకు ఈ మాట నేర్పింది నేనే.

ఆ బాబు కిలో కూడా లేడు. తల్లిది కొల్లేటి లంక ఊరు. పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనెను చిన్న సీసాలో తెచ్చుకుంది. నుదుటికి రాయాలని ఆమె ఆశ. ముఖానికి రాస్తే ప్లాస్టరు అంటుకోదని, పాదాలకు ఒక్క చుక్క రాసుకోమని చెప్పాను. డాక్టరుగారు కూడా సరేనన్నారు. రోజూ పొద్దున్నే మోచేతుల దాకా కడుక్కుని, వేలి కొసతో రాసి, ఆ పాదాలకు అరచెయ్యి ఆనించి కదలకుండా కూర్చునేది. బాబు గుండె వేగం నెమ్మదించడం మానిటరు మీద కనిపించేది.

ఒక వారం అలా గడిచింది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. తాడేపల్లిగూడెం పాసింజరు అందుకోవాలి. చొంగకి తడిసి బాబు ప్లాస్టరు ఊడొస్తోంది. తోటి నర్సు భోజనానికి వెళ్లింది. పది నిమిషాలు ఆగితే వచ్చేది. నేనొక్కదాన్నే ఊడదీశాను. ఎందుకు ఆగలేదు? రైలు కోసమని చాలాకాలం చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ నియమం కొత్తవాళ్లకని, ఇన్నేళ్ల అనుభవమున్న నాకు అక్కర్లేదని అనుకున్నాను.

ట్యూబు జారి బయటికి వచ్చేసింది. బాబు నీలంగా మారిపోయాడు. డాక్టరుగారు పరుగున వచ్చి, బ్యాగు నొక్కి ఊపిరి అందించి, మళ్లీ ట్యూబు వేశారు. అప్పటికి తల్లి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ప్లాస్టరు ఎలా ఊడిందని ఆయన అడిగారు. నా కళ్లు ఆ సీసా మీద పడ్డాయి.

“నూనె తగిలినట్టుందండీ,” అన్నాను.

“పాదాలకే రాశానండీ, మీరు చెప్పినట్టే,” అంది ఆమె. తన వేళ్లకేసి చూసుకుంది. “ఏమోనండీ, నా చెయ్యే ఎక్కడైనా తగిలిందేమో.”

 నూనె వల్ల ప్లాస్టరు వదులైందని కేసు షీటులో రాసి సంతకం పెట్టాను. రైలు కూడా అందింది.

బాబు ఇంకో రెండు రోజులు ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఆమె పక్కనే నిలబడింది, కొంగులో చేతులు చుట్టుకుని. ముట్టుకోమని పిలిచినా రాలేదు. ఊపిరితిత్తులు బొత్తిగా ఎదగలేదని, మొదటి నుంచీ కష్టమేనని డాక్టరుగారు అన్నారు. నా వల్లే పోయాడా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనకాల చాలా ఏళ్లు దాక్కున్నాను. కానీ ఆ రెండు రోజులూ వాడి పాదాల మీద తల్లి చెయ్యి లేదు. అది మాత్రం నా వల్లే.

తర్వాత ఆ గది బయట నూనె తేకూడదని బోర్డు పెట్టారు. రాయించింది నేనే.

మూడేళ్లకు గుండుగొలను బస్టాపులో ఆమె కనిపించింది. చంకలో ఏడాది పాప. నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. పాప ఒళ్లు నిగనిగలాడుతోంది. నూనె బాగా పట్టించి పోస్తున్నట్టున్నావు నీళ్లు, అని మాటవరసకి అన్నాను. తను రాయదట. అత్తగారే రాస్తుందట.

“నా చెయ్యి మంచిది కాదండీ,” అంది, ఊరి కబురు చెప్పినంత మామూలుగా.

బస్సొచ్చింది, ఎక్కేశాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆమె ఊరు నాకు తెలుసు. వెళతానని మీకు మాటివ్వలేను, ఇన్నాళ్లూ వెళ్లనిదాన్ని. ఇది ఆమె చదవదు కూడా. క్షమించమని అడగడానికి మీరు ఆమె కారు. అయినా ఇక్కడిదాకా రాశాక గుండె కాస్త తేలికపడింది. తేలికపడే హక్కు నాకుందా అంటే, ఏమో. ఆ రోజు షీటులో రాయాల్సిన మాటలు రెండే. ప్లాస్టరు నేనొక్కదాన్నే మార్చాను. తల్లి నూనె పాదాలకే రాసింది.